లోవెల్ గ్రీకు ముత్తాత: ఊరివాళ్ల కాగితాల్లో వెతికిన తీరు

సంస్మరణ ప్రకటనలో ఆయన గురించి మిగిలింది ఒక్క వాక్యం: కుటుంబానికీ, గ్రీకు సమాజానికీ అంకితమైన మనిషి అని. మా ఆవిడ ముత్తాత ఆయన. దక్షిణ గ్రీసులోని పెలొపొనీస్ కొండపల్లె నుంచి మొదటి ప్రపంచయుద్ధానికి ముందు అమెరికాలోని మసాచుసెట్స్‌లోని లోవెల్‌కి వచ్చి, నూలు మిల్లులో చేరి, తర్వాత పళ్ల కొట్టు పెట్టుకున్నాడు. ఆ వాక్యం వెనక ఏముందో పిల్లల కోసం రాసిపెట్టే పని ఇంట్లో నా వంతుకొచ్చింది. ఇలాంటి పని తలపెట్టినవాళ్లకు పనికొస్తుందని ఆ తీరంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఆయన సొంత కాగితాలు వయసు, ఎత్తు, వృత్తి, చిరునామా చెప్పి ఊరుకుంటాయి. ఎవరికి ఏం చేశాడన్నది పక్కవాళ్ల కాగితాల్లో దొరుకుతుంది. ఒకరి పౌరసత్వ అర్జీ మీద సాక్షిగా ఉంటాడు, ఇంకొకరి బిడ్డకు జ్ఞానతండ్రిగా (బాప్టిజంలో బిడ్డ బాధ్యత తీసుకునే పెద్దగా) ఉంటాడు, మరొకరి ఓడ జాబితాలో "ఫలానా వాడి దగ్గరికి వెళ్తున్నాను" అన్న గడిలో ఉంటాడు. చాలామంది సొంత కాగితాలు దొరకగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

మొదట పేరు తేల్చుకోవాలి. గ్రీకు రికార్డుల్లో మనిషికి మూడు ముక్కలుంటాయి: సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. తండ్రి పేరు తెలియకపోతే వెతుకులాట ముందుకు సాగదు. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీ కాబట్టి, నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి ఇళ్లలోనూ తాత పేరున్న పిల్లవాడు ఉంటాడు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, దగ్గర దగ్గర వయసుల్లో నలుగురు దిమిత్రియోస్‌లన్నమాట. వాళ్లను విడదీసేది తండ్రి పేరొక్కటే. ఆడవాళ్ల ఇంటిపేరు రూపం మారుతుంది: పాపడోపులోస్ గారి కూతురు పాపడోపులూ అవుతుంది. వేరే కుటుంబమనుకుని పక్కన పెట్టేయకూడదు.

అమెరికాలో ఇవే పేర్లు గుర్తుపట్టలేనట్టు మారాయి. కాన్‌స్టాంటినోస్ 'గస్' అయ్యాడు, దిమిత్రియోస్ జేమ్స్ అయ్యాడు, వసీలియోస్ విలియం అయ్యాడు, పనయోతిస్ పీటర్, స్టావ్రోస్ స్టీవ్, హరలాంబోస్ హ్యారీ. పాపడోపులోస్ కాస్తా పాపస్. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలండ్ అధికారులు పేర్లు మార్చేశారని ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది కానీ అది నిజం కాదు. ఓడ జాబితా బయల్దేరిన రేవులో, అంటే పాత్రాస్‌లోనో పిరేయస్‌లోనో, ఓడ కంపెనీ గుమాస్తాలు రాసేవారు. ఇక్కడి అధికారులు ఆ జాబితా పట్టుకుని సరిచూసేవారంతే. పేర్లు మారింది తర్వాత, మిల్లు జీతాల పుస్తకంలోనూ బడిలోనూ కోర్టులోనూ. 1906 పౌరసత్వ చట్టం తర్వాత పౌరసత్వం ఇచ్చేటప్పుడే కోర్టు పేరు మార్చవచ్చు కాబట్టి, అర్జీ మీద పాత పేరూ కొత్త పేరూ రెండూ కనిపిస్తే ఆ కాగితాన్ని భద్రం చేసుకోండి. రెండు దేశాల రికార్డుల మధ్య వంతెన అదే.

సొంత కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను, వీటి గురించి అంతటా దొరుకుతుంది. జనాభా లెక్కల పత్రాలు 72 ఏళ్లు గడిచాక తెరుస్తారు కాబట్టి ప్రస్తుతం 1950 వరకే చూడగలం. 1900 నుంచి 1930 వరకు ఉన్నవాటిలో వచ్చిన సంవత్సరం, పౌరసత్వ స్థితి ఉంటాయి. 'ఏఎల్' అంటే విదేశీయుడు, 'పీఏ' అంటే పౌరసత్వానికి మొదటి కాగితాలు వేసుకున్నాడు, 'ఎన్ఏ' అంటే పౌరుడయ్యాడు. 1920 పత్రంలో పౌరుడైన సంవత్సరం కూడా అడిగారు. మొదటి ప్రపంచయుద్ధపు సైనిక నమోదు కార్డులు 1917 జూన్ 5న 21 నుంచి 30 ఏళ్లవాళ్లవి, 1918 సెప్టెంబర్ 12న అంతకుముందు నమోదు కాని 18 నుంచి 45 ఏళ్లవాళ్లవి. ఆ కార్డు మీద సంతకం గ్రీకు అక్షరాల్లో ఉంటే పేరు అసలు రూపం తెలిసిపోతుంది.

పౌరసత్వానికి రెండు మెట్లు. ముందు ఉద్దేశ ప్రకటన, కనీసం అయిదేళ్లు దేశంలో ఉన్నాక అర్జీ. మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టుల అర్జీలు వాల్తమ్‌లోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. 1906 సెప్టెంబర్ 27 నుంచి 1956 మార్చి దాకా పౌరులైనవాళ్లకు వలస శాఖ దగ్గర సీ-ఫైలు, అంటే పౌరసత్వ ఫైలు ఉంటుంది. 1924 జూలై తర్వాత వచ్చినవాళ్లకు వీసా ఫైలు ఉంటుంది, తరచూ అందులో ఫోటో, జనన ధ్రువపత్రం దొరుకుతాయి. ఓడ దిగి తిరిగి ఎక్కకుండా ఉండిపోయిన నావికులు గ్రీకుల్లో తక్కువేమీ కాదు. వాళ్లకు రాక రికార్డే ఉండదు. అలాంటివాళ్ల కోసం 1929లో వచ్చిన రిజిస్ట్రీ చట్టం కింద తెరిచిన ఫైళ్లలో పనిచ్చినవాళ్ల, ఇరుగుపొరుగు ఉత్తరాలు కట్టలుగా దొరుకుతాయి. ఒక మనిషికి చుట్టూ ఎవరు నిలబడ్డారో చెప్పడంలో ఓడ రికార్డు లేని ఈ ఫైళ్లే ఎక్కువ మేలు. 1944 ఏప్రిల్ నుంచి తెరిచినవి ఏ-ఫైళ్లు, అంటే విదేశీయుల ఫైళ్లు. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన మన తెలుగువాళ్లందరికీ ఉండేవి ఇవే, కాబట్టి ఈ దారి మనవాళ్ల మనవలకూ రేపు పనికొస్తుంది.

అర్జీలో "ఫలానా రాజుకు విధేయత వదులుకుంటున్నాను" అన్న చోటు చూడండి. గ్రీసు రాజు పేరు ఉండాల్సిన చోట ఉస్మానీ (టర్కీ) సుల్తాను పేరుంటే తప్పు మనిషిని పట్టుకున్నామని కంగారు పడనక్కర్లేదు. మాసిడోనియా, ఎపిరస్, చియోస్, లెస్వోస్ బాల్కన్ యుద్ధాల (1912-13) దాకా టర్కీ ఏలుబడిలోనివి. ఓడ జాబితాలో దేశం 'టర్కీ', జాతి 'గ్రీకు' అని రెండు వేర్వేరు గడుల్లో ఉంటుంది. పెలొపొనీస్ మనిషికి మాత్రం దేశం టర్కీ అని ఉంటే అనుమానించాలి.

ఇక పక్కవాళ్ల కాగితాలు. ఓడ జాబితాలతో మొదలుపెట్టండి. మనిషి పేరుతో కాకుండా ఊరి పేరుతో వెతకాలి. స్టీవ్ మోర్స్ వన్‌స్టెప్ అనే వెబ్ పేజీలో ఊరి పేరు ఇచ్చి ఎల్లిస్ ఐలండ్ జాబితాలు వెతికే వీలుంది. ఊరి పేరును రకరకాల స్పెల్లింగులతో ఇవ్వాలి, ఎందుకంటే గ్రీకు అక్షరం 'ఘామా' ఇంగ్లీషులో 'జీ'గానూ 'వై'గానూ మారుతుంది, 'బ' శబ్దం 'ఎంపీ' అని, 'డ' శబ్దం 'ఎన్‌టీ' అని రాయబడుతుంది. 1907 తర్వాతి జాబితా రెండు పేజీల వెడల్పు ఉంటుంది. రెండో పేజీ తెరవడం మరిచిపోతే సగం పోయినట్టే. ప్రయాణ ఖర్చు ఎవరు పెట్టారు, చేతిలో ఎన్ని డాలర్లున్నాయి, ఎవరి దగ్గరికి ఏ చిరునామాకు వెళ్తున్నారు అన్న గడులు కీలకం. లోవెల్‌లో గ్రీకులు ఎక్కువగా ఉన్నది 'ఏకర్' అనే పేట, మార్కెట్ స్ట్రీట్ చుట్టుపక్కల. ఒకే ఇంటి నంబరు ఏళ్ల తరబడి వేర్వేరు ప్రయాణికుల పేర్ల పక్కన కనిపిస్తే, ఆ ఇల్లు ఊరివాళ్లు దిగే మజిలీ అన్నట్టు. ఏటా అచ్చయిన పట్టణ డైరెక్టరీలో ఆ నంబరు చూస్తే ఇల్లు ఎవరి పేర ఉందో తేలుతుంది. సొంత కాపురముంటే 'హెచ్', అద్దెకు తిండితో సహా ఉంటే 'బీడీఎస్' అని సంక్షిప్తాలు.

ఇక్కడొక ఉచ్చు ఉంది. జాబితాలో అందరూ 'కజిన్' దగ్గరికో 'బావమరిది' దగ్గరికో వెళ్తున్నట్టే ఉంటుంది. ముందే పని ఖాయం చేసుకుని రావడం 1885 కూలి ఒప్పందాల చట్టం ప్రకారం నిషిద్ధం, వెనక్కి పంపేవాళ్లు. అందుకని పని ఇప్పిస్తానన్న ఊరివాడు జాబితాలో చుట్టమైపోయేవాడు. ఈ చుట్టరికాలను వంశవృక్షంలో ఎక్కించారంటే చెట్టు అడవైపోతుంది. బాప్టిజం పుస్తకంలోనో గ్రీకు రికార్డులోనో ఇంకో ఆధారం దొరికేదాకా 'ఊరివాడు' అనే రాసుకోండి. జాబితా ఎడమ మార్జిన్లో 'ఎక్స్' ఉంటే ఆ ప్రయాణికుణ్ని నిలిపారని అర్థం. అదే ఓడ జాబితా చివర నిర్బంధితుల పట్టీ ఉంటుంది, ఎందుకు ఆపారో, ఎవరు వచ్చాక వదిలారో అక్కడ దొరుకుతుంది. పేరు కొట్టేసి ఉంటే ఆ మనిషి ఓడ ఎక్కనే లేదన్నమాట.

తర్వాత పౌరసత్వ సాక్షులు. ప్రతి అర్జీకీ ఇద్దరు పౌరులు సాక్ష్యం చెప్పాలి, అయిదేళ్లుగా ఈ మనిషిని ఎరుగుదుమని. సాక్షుల పేరు, వృత్తి, చిరునామా అర్జీ మీదే ఉంటాయి. చిక్కేమిటంటే సూచిక అర్జీదారుల పేర్లకే ఉంటుంది, సాక్షులకు ఉండదు. అర్జీల సంపుటాల్లో గ్రీకు పేరున్న ప్రతి పేజీ తిప్పాల్సిందే. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో చేతిరాతను చదివి మొత్తం పాఠంలో వెతికే సదుపాయం ఈమధ్య వచ్చింది, చాలా శ్రమ తగ్గిస్తుంది కానీ గ్రీకు ఇంటిపేర్లను తరచూ తప్పు చదువుతుంది. చిరునామాతో వెతికితే మేలు.

అర్జీల తేదీలు చూస్తే 1924 తర్వాత గుంపుగా కనిపించొచ్చు. కారణం ఆ ఏటి వలస చట్టం. 1921 చట్టం కింద ఏడాదికి 3 వేల పైచిలుకు ఉన్న గ్రీసు కోటాను, అంటే రానిచ్చే మనుషుల సంఖ్యను, 1924లో 100కి దించారు. 1929లో అది 307 అయింది. అయితే అమెరికా పౌరుడి భార్యకూ, 18 ఏళ్ల లోపు పిల్లలకూ కోటా వర్తించదు. పెళ్లాన్ని తెచ్చుకోవాలంటే పౌరుడు కావడమే దాదాపు ఒక్కటే దారి. కాబట్టి ఆ ఏళ్లలో ఒకడి అర్జీకి సాక్షిగా నిలబడటమంటే వాడి భార్యాపిల్లల్ని ఓడ ఎక్కించడంలో చెయ్యి వేయడమే. కొట్టు మూసి, పని దినాన కోర్టు గడప దగ్గర కూర్చోవాలి. మా ఆవిడ ముత్తాత పేరు సాక్షిగా దొరికిన అర్జీల వెంట ఆ కుటుంబాల రాక రికార్డులు కూడా వెతికి జత చేశాను. సంస్మరణ వాక్యానికి ఇంతకంటే గట్టి రుజువు నాకు కనిపించలేదు.

కాస్త జాగ్రత్త కూడా అవసరం. కోర్టుల చుట్టూ డబ్బు పుచ్చుకుని సాక్ష్యం చెప్పేవాళ్లూ ఉండేవారు. ఒకే పేరు ఇటాలియన్, పోలిష్, గ్రీకు అర్జీలన్నిటి మీదా కనిపిస్తే సేవ కాదు, వృత్తి. అర్జీదారులు ఒకే ఊరివాళ్లో, ఒకే గుడివాళ్లో, ఒకే వీధివాళ్లో అయితేనే లెక్కలోకి తీసుకోండి.

గుడి రికార్డులు అన్నిటికంటే సంపన్నం, అన్నిటికంటే కష్టం. లోవెల్‌లో హోలీ ట్రినిటీ చర్చి 1908 నాటిది. బాప్టిజం పుస్తకంలో బిడ్డ పేరు, తల్లిదండ్రులు, నూనోస్ అంటే జ్ఞానతండ్రి, పూజారి సంతకం ఉంటాయి. పెళ్లి పుస్తకంలో కూంబారోస్, అంటే వధూవరుల తలల మీద స్తేఫనా కిరీటాలు మూడుసార్లు మార్చే పెళ్లిపెద్ద. ఆ కూంబారోసే మొదటి బిడ్డకు నూనోస్ కావడం ఆచారం. అంటే పెళ్లిలో పేరు దొరికితే ఒకటి రెండేళ్ల తర్వాతి పేజీలకు వెళ్లి ఆ దంపతుల మొదటి బాప్టిజం చూడండి. ఇంకో పట్టింపు: ఒకే నూనోస్ చేతుల మీద బాప్టిజం పొందిన అబ్బాయీ అమ్మాయీ పెళ్లాడకూడదు. అందుకని చాలామంది అబ్బాయిలకే లేదా అమ్మాయిలకే నూనోస్‌గా ఉండేవారు. మీ మనిషి పేరు మగపిల్లల దగ్గరే కనిపిస్తుంటే, ఆడపిల్లల దగ్గర ఆయన భార్య పేరు వెతకండి. సగం సేవ ఆమె పేర నడిచి ఉంటుంది, సంస్మరణ ప్రకటనలో ఆ మాట రాయరు.

పుస్తకాలు చేతికివ్వమని గుడిలో అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. బతికున్నవాళ్ల వివరాలుంటాయి. చుట్టరికం చూపిస్తూ ఉత్తరం రాసి, సంవత్సరాల పరిధి చెప్పి, ఏ పేరు కావాలో గ్రీకు అక్షరాల్లో రాసి ఇవ్వండి. ఇంగ్లీషు స్పెల్లింగు పట్టుకుని గ్రీకు చేతిరాతలో వెతకమంటే ఎవరికీ సాధ్యం కాదు. పాత పుస్తకాలకు సూచిక తయారుచేసి ఇస్తామంటే తలుపులు కాస్త తొందరగా తెరుచుకుంటాయి.

గుడిలో పేరు లేదంటే గుడి మానేశాడని కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రాజు కాన్‌స్టాంటినోస్ పక్షం, ప్రధాని వెనిజెలోస్ పక్షం అని గ్రీసు చీలింది. ఆ చీలిక అట్లాంటిక్ దాటి వచ్చి చాలా అమెరికా పట్టణాల్లో గ్రీకు గుడులను రెండు చేసింది. అన్నదమ్ముల పిల్లలకు వేర్వేరు గుడుల్లో బాప్టిజాలు జరిగాయి. న్యూయార్క్ గ్రీకు పత్రికల్లో 'అట్లాంటిస్' రాజు వైపు, 'ఎథ్నికోస్ కీరిక్స్' వెనిజెలోస్ వైపు. చందాలిచ్చినవాళ్ల జాబితాలో మీ మనిషి పేరు ఏ పత్రికలో ఉందో చూస్తే ఏ గుడి పుస్తకం అడగాలో తెలిసే అవకాశముంది.

సంఘాల్లోనూ ఇలాంటి తేడాలే. గ్రీకు అమెరికన్ల సంఘం అహెపా 1922లో అట్లాంటాలో పుట్టింది, వలసదారులను ద్వేషించే కూ క్లక్స్ క్లాన్ ముఠా బెదిరింపుల మధ్య. అమెరికన్లుగా కలిసిపోవాలని దాని వాదన, సమావేశాలు ఇంగ్లీషులో. మరుసటి ఏడాది వచ్చిన మరో సంఘం గాపా భాషనూ చర్చినీ పట్టుకుని ఉండాలంది. గుడి ఆడవాళ్ల దానధర్మాల సంఘం ఫిలోప్తోహోస్ జాతీయ స్థాయిలో 1931లో ఏర్పడింది. మినిట్స్ పుస్తకాల్లో పదవుల జాబితాలు చూసి ఆగిపోవద్దు. రోగుల పరామర్శకు ఎవరిని పంపారు, పెళ్లికాని కూలీ చనిపోతే సమాధికి ఎవరు చందా ఎత్తారు, శ్మశానంలో స్థలం ఎవరి పేర కొన్నారు అన్నవి చూడండి. సమాధి రాళ్ల మీద గ్రీకులో ఊరి పేరు చెక్కి ఉండటం మామూలే. ఒంటరివాళ్ల ఊరు తెలుసుకోవడానికి కొన్నిసార్లు అదొక్కటే ఆధారం.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు "ఆయన ఎలాంటివాడు?" అని అడిగితే "చాలా మంచివాడు" అనే జవాబు వస్తుంది, దాంతో ఏమీ చేయలేం. "మీ పెళ్లికి కూంబారోస్ ఎవరు? రక్తసంబంధం లేకుండా మీరు థియో (మామయ్య, బాబాయ్) అని పిలిచినవాళ్లు ఎవరు? ఊరినుంచి కొత్తగా వచ్చినవాళ్లు మీ ఇంట్లో ఏ గదిలో పడుకునేవారు? ఉత్తరాలు ఎవరు రాసిపెట్టేవారు?" అని అడగండి. పేర్లు వాటంతటవే వస్తాయి. అందులో ప్రతి పేరూ మళ్లీ వెతకాల్సిన కాగితం.

గ్రీసు వైపు పని ఊరి పాత పేరుతో మొదలవుతుంది. స్లావిక్, టర్కిష్, అల్బేనియన్ మూలాలున్న ఊళ్ల పేర్లు, ముఖ్యంగా 1920ల్లో, పెద్ద సంఖ్యలో మార్చేశారు. ఓడ జాబితాలోని ఊరు నేటి పటంలో దొరక్కపోతే జాతీయ పరిశోధనా సంస్థ వారి పాండెక్టిస్ డేటాబేస్‌లో పాత, కొత్త పేర్లు రెండూ ఉన్నాయి. ఊరు తేలాక ఆ జిల్లా ప్రభుత్వ అభిలేఖాగారానికి రాయాలి. పెలొపొనీస్ జిల్లాల్లో ఆర్కాడియాకు త్రిపోలీలో, లకోనియాకు స్పార్టాలో శాఖలున్నాయి. అడగాల్సింది మిత్రోఓ ఆరెనోన్, అంటే సైన్యంలో చేర్చుకోవడం కోసం పెట్టిన మగపిల్లల రిజిస్టరు. అందులో ఆడపిల్లలు ఉండరు, వాళ్ల కోసం పురపాలక సంఘంలోని కుటుంబ పట్టిక కావాలి.

పుట్టిన తేదీలు కలవకపోతే రెండు కారణాలు వెతకండి. గ్రీసులో 1923 ఫిబ్రవరి 15 తర్వాతి రోజు మార్చి 1. అంతకుముందువన్నీ పాత (జూలియన్) పంచాంగం తేదీలు: 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు తేడా. చర్చి 1924 మార్చిలో మారింది. రెండోది, వాళ్లు పుట్టినరోజు కంటే పేరు పండుగ, అంటే తమ పేరున్న సాధువు పండుగ చేసుకుంటారు. దిమిత్రియోస్ అక్టోబర్ 26న, కాన్‌స్టాంటినోస్ మే 21న, నికోలాస్ డిసెంబర్ 6న పుట్టాడని రాసి ఉంటే అది గుమాస్తా అడిగితే చెప్పిన తేదీ కావచ్చు, మన పాత బడి రిజిస్టర్లలో హెడ్మాస్టరు వేసిన జూలై 1 లాగా.

కట్నం పత్రాలు మాత్రం వదలకండి. గ్రీకులు దీన్ని ప్రీకా అంటారు. చట్టం 1983లో రద్దు చేసింది. అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యేదాకా అన్నదమ్ములు పెళ్లి చేసుకోకపోవడం పాత మర్యాద, అమెరికా వెళ్లిన చాలామంది మిల్లు జీతం అటే నడిచింది. ప్రికోసింఫోనో అనే ఒప్పందం నోటరీ దగ్గర రాసేవారు: పొలం, ఆలివ్ చెట్లు, పక్కబట్టలు, రొక్కం ఎంతో వరసగా ఉంటుంది. అన్న పంపిన డబ్బు అని రాసి ఉండొచ్చు కూడా. ఇవి నోటరీ పేరు మీద, సంవత్సరం మీద సర్ది ఉంటాయి కాబట్టి పెళ్లి కూతురి పేరు ఒక్కటే చెబితే దొరకవు. ఆ ప్రాంతంలో ఆ ఏట ఏ నోటరీ పనిచేశాడో ముందు అడగాలి. అన్న ఎందుకు ముప్పై అయిదేళ్లకు గానీ పెళ్లి చేసుకోలేదో చెల్లెళ్ల ఒప్పందాల తేదీలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. ఊరి గుడి గోడ, బడి, నీటి ధార మీద దాతల పేర్లున్న పలకల ఫోటోలు కూడా తెప్పించుకోండి.

పాత ఉత్తరాలుంటే మడతలు మెల్లగా విప్పి ముందు 600 డీపీఐలో స్కాన్ చేసుకోండి. మొదటి పేరా ఉభయకుశలోపరి, దాన్ని అనువదించడానికి డబ్బు పెట్టకండి. డబ్బు లెక్కలు, ఎవరికి ఎంత ఇవ్వాలన్న మాటలు చివర్లో, ఒక్కోసారి అంచుల్లో అడ్డంగా రాసి ఉంటాయి.

రాసేటప్పుడు నాలుగు గడుల పట్టిక చాలు: తేదీ, ఏం చేశాడు, ఎవరి కోసం, ఏ కాగితం. తేదీని మార్చి రాయొద్దు, కాగితంలో ఉన్నట్టే రాసి పక్కన కొత్త పంచాంగం తేదీ వేయండి. మూడు వయసులు దొరికితే మూడూ ఉంచండి. బతికున్నవాళ్ల బాప్టిజాలు, దత్తతలు, ఊళ్లో వదిలి వచ్చిన మొదటి భార్యల సంగతులు అచ్చులో వేయొద్దు, కవరులో విడిగా పెట్టి ఇంట్లో ఉంచండి. ప్రతులు గుడికి ఒకటి, స్థానిక చరిత్ర విభాగం ఉన్న గ్రంథాలయానికి ఒకటి, గ్రీసులోని పురపాలక సంఘానికి ఒకటి ఇవ్వండి. అక్కడికి పంపే ప్రతిలో పేర్లన్నీ తండ్రి పేరుతో సహా గ్రీకు లిపిలో ఉండాలి. 'గస్' అంటే ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.